తలుపుకి కొత్త చొక్కా... ఖర్చెంత?

కూర మాడితే గిన్నె తోముకోవచ్చు. వంటింటి అల్మరా తలుపులే మాడినట్టు నల్లబడితే? ముచ్చటపడి వేయించుకున్న సన్‌మైకా అంచులు లేచిపోయి, హ్యాండిల్ చుట్టూ తాలింపు జిడ్డు దిగిపోయి, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. అలాగని అంతా పీకేసి మాడ్యులర్ కిచెన్ పెట్టించాలంటే మాటలా! ఇంట్లో పెళ్లో, పిల్లాడి ఇంజినీరింగ్ ఫీజో ఉన్న ఏడాది ఆ ఊసెత్తే ధైర్యం ఎవరికుంటుంది? అదిగో, అలాంటప్పుడే 'వినైల్ ర్యాప్' గుర్తొస్తుంది.

పేరు కొత్తగానీ సరుకు తెలిసిందే. వెనకవైపు జిగురున్న పీవీసీ పొర అది. కార్లకీ దుకాణాల బోర్డులకీ అంటించే స్టిక్కరుకి దగ్గరి చుట్టం. టేకు చారల్లో, పాలరాతి మెరుపులో, నున్నటి తెలుపులో... ఏది కావాలంటే అది దొరుకుతుంది. తలుపు మార్చక్కర్లేదు, పైన చొక్కా మారిస్తే చాలు.

మన వైపు ఇళ్లకి ఇందులో ఓ లాభముంది. తిరుపతి కొర్లగుంటలోనైనా చిత్తూరు మిట్టూరులోనైనా కాస్త పాత ఇల్లు చూడండి. వంటగట్టు కింద చెక్కపెట్టెలు ఉండవు. కడప బండలతో కట్టిన అరలు, వాటికి ముందు తలుపులు... అంతే. బండకి చెదపట్టదు, నీళ్లకి ఉబ్బదు. అంటే ర్యాప్ వేయాల్సింది తలుపులకే. 'కిచెన్ మొత్తానికి ఇంత' అని గంపగుత్త ధర చెప్పేవాళ్ల దగ్గర ఈ సంగతి మర్చిపోవద్దు. బండ అరల లోపలి కొలతలు కూడా లెక్కలో కలిపేస్తే నష్టపోయేది మనమే.

ఇక లెక్కలోకి వద్దాం. కింద ఆరు, పైన ఆరు తలుపులు... ఒక్కోటి అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు అనుకోండి. అటకకి రెండడుగుల చదరపు తలుపులు నాలుగు. మొత్తం 52 చదరపు అడుగులు, అదీ బయటివైపు మాత్రమే. లోపలివైపు కూడా కావాలంటే ఇంకో 52.

అయితే 52 అడుగుల తలుపులకి 52 అడుగుల షీటు చాలదు! అంచులు మడిచి వెనక్కి అంటించడానికి ప్రతి వైపూ అంగుళం వదలాలి. అప్పుడు 18 అంగుళాలది 20 అవుతుంది, 24 కాస్తా 26. నాలుగడుగుల వెడల్పు రోల్ తీసుకుంటే, ముక్కలు జాగ్రత్తగా సర్దినా పదిహేడున్నర అడుగుల పొడవు కావాలి. అంటే 70 చదరపు అడుగులు. మరి కూలీ 52కా, 70కా? బేరం తెగేది ఈ ప్రశ్న దగ్గరే. పని మొదలుకాక ముందే అడిగేయాలి. జీఎస్టీ కలిపిన ధరా, విడిగానా అన్నది కూడా.

ఆన్‌లైన్‌లో వచ్చే చిన్న రోల్స్ చవకే. 60 సెంటీమీటర్ల వెడల్పు, 2 మీటర్ల పొడవున్న రోల్‌లో మన లెక్కలోని మామూలు తలుపులు సరిగ్గా మూడు వస్తాయి. అటక తలుపు మాత్రం రాదు. 60 సెంటీమీటర్లంటే 23 అంగుళాల పైచిలుకే కదా, కావాల్సింది 26. మధ్యలో అతుకు పడుతుంది. చారల డిజైన్ అయితే ఆ అతుకు వీధి గుమ్మం దాకా కనిపిస్తుంది.

షీటు అడుగు 60 రూపాయలు, కూలీ అడుగుకి 50 అనుకుంటే... 4,200కి 2,600 కలిపి 6,800. ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలు. మీ ఊళ్లో చెప్పిన ధర వీటి స్థానంలో పెట్టుకోండి. ఇదే పనికి సన్‌మైకా షీట్లు (ఎనిమిది అడుగులు ఇంటూ నాలుగు) కోతలో తేడా రాకపోతే రెండు చాలు. షీటు 1,500 అనుకున్నా 3,000. చూశారా? సరుకు వరకూ సన్‌మైకానే చవక కావచ్చు. ర్యాప్‌తో మిగిలేది కార్పెంటరు రోజులు, రంపపుపొట్టు, వంటిల్లు మూతపడి హోటల్ నుంచి తెప్పించుకునే భోజనాల ఖర్చు. 'సన్‌మైకాలో సగానికే అయిపోతుంది' అని ఎవరైనా అంటే, ఒకసారి కాగితం మీద పెట్టి చూడమనండి.

చొక్కా వేసే ముందు ఒంట్లో బలముందో లేదో చూడాలిగా! సింకు కింది తలుపు అడుగు అంచుని స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. మెత్తగా దిగిందా, ఆ చెక్క పని అయిపోయినట్టే. తలుపు మీద తడితే డొల్లగా మోగినా, కింద మట్టి రాలినా చెద అనుకోవాలి. అలాంటిదానికి ర్యాప్ వేస్తే లోపల తినేది తింటూనే ఉంటుంది, మనకే కనిపించదు. ఆ ఒకటి రెండు తలుపులూ కొత్తగా చేయించి, మిగతావాటితో కలిపి ర్యాప్ వేయించుకోవడం మేలు. అసలు టేకు తలుపులైతే దీని జోలికే పోవద్దు. కొయ్యబొమ్మలకి పేరుపడ్డ మాధవమాల ఏర్పేడు మండలంలోనే ఉంది. చెక్క విలువ తెలిసిన ప్రాంతం మనది. టేకుకి ఉప్పుకాగితం పట్టించి పాలిష్ వేయిస్తే సరి.

పొయ్యి పక్క సంగతి వేరే. పీవీసీ 80 డిగ్రీలకి అటూఇటూగా మెత్తబడుతుంది. సంగటి ఉడికే కుండ నుంచి, కుక్కర్ విజిల్ నుంచి లేచే ఆవిరి నేరుగా పై అల్మరా అడుగు అంచుకే తగులుతుంది. ముందు ఊడేది అక్కడే. పొయ్యిని ఆనుకున్న తలుపులకి సన్‌మైకా ఉంచేసి, మిగతావాటికి దానికి నప్పే రంగు ఎంచుకున్నా బాగానే ఉంటుంది.

ఎన్నాళ్లుంటుందన్నది షీటు కంటే ముందు చేసే పని మీదే ఆధారపడుతుంది. తలుపు విప్పాలి, హ్యాండిల్ తీయాలి, జిడ్డంతా పోయేలా కడిగి ఆరబెట్టాలి, గుంటలకి పుట్టీ పెట్టి రుద్దాలి, అంచులకి ప్రైమర్ పూయాలి. ఆ తర్వాతే షీటు. మూలల దగ్గర హీట్‌గన్‌తో వేడిచేసి సాగదీసి అతికించాలి. తలుపు విప్పకుండానే ఒక్క పూటలో అంటించేస్తామనేవాళ్లు ధర తగ్గిస్తారు, నిజమే. వర్షాకాలం వచ్చేసరికి అంచులూ లేస్తాయి.

అద్దె ఇల్లయితే యజమానిని అడిగి చేయించుకోండి. ఖాళీ చేసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేస్తూ లాగితే షీటు వచ్చేస్తుంది. కింద సన్‌మైకా అప్పటికే లేచి ఉంటే మాత్రం దాన్ని కూడా పట్టుకొస్తుంది. అడ్వాన్సులో కోత అక్కడే పడుతుంది!

పనైపోయాక మిగిలిన ముక్కల్ని చెత్తలో వేయనివ్వకండి. అదే డిజైన్ మళ్లీ కొన్నా రంగు ఒక్కోసారి ఇసుమంత తేడా వస్తుంది. పెద్ద ముక్క ఒకటి మడత పడకుండా చుట్టి అటక మీద పెట్టండి.