మాటు, ఎర, దీమము

ఈ పది పదునైదేండ్లలో మన విద్యావంతుల కుటుంబములలోనికి ఒక క్రొత్త వేడుక ప్రవేశించినది. ఉద్యోగులు, వైద్యులు, ఉపాధ్యాయినులు, పింఛను పుచ్చుకొను పెద్దలు అయిదాఱుగురు చొప్పున జట్టు కట్టి, మూడు దినములు సెలవు పెట్టి, పొడుగాటి లెన్సులను సంచులలో మోసికొని, పక్షుల ఫోటోలు తీయుట నేర్చుకొనుటకై శిబిరములకు బోవుచున్నారు. కుమావూను కొండలలోని సాత్తాలు, కేరళములోని తట్టెక్కాడు, ఉత్తర కన్నడ జిల్లాలోని దాండేలి మున్నగు పేరులు మన యిండ్లలో కాశీ రామేశ్వరముల పేరులవలె వినబడుచున్నవి. ఈ వేడుకను మేము నిందింపబోము. రామచిలుకను పంజరమున బెట్టి జామపండు ముక్క తినిపించుటయే పక్షిప్రేమ యనుకొన్న యిండ్లనుండి బయలుదేరినవారు కొమ్మమీది పిట్టను కొమ్మమీదనే చూడగోరుట అభివృద్ధియే. చిలుకను పంజరమున నుంచుట వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరమని నేటికిని ఎఱుగని గృహస్థు లెందఱో కలరు.

అయితే ఆ శిబిరములలో నేర్పుచున్న దేమి? ఈ ప్రశ్న వేయుటకు మాకు హక్కు కలదు; మేమును రుసుము చెల్లించి కూర్చుండి వచ్చినవారమే.

మాటు అనునది వేటకాని మాట. జంతువునకు కనబడకుండ పొంచియుండు తావు మాటు. వేటకాని చేతినుండి దానిని కెమెరా పుచ్చుకొన్నవారు తీసికొని నూఱేండ్లు దాటినది. ఇంగ్లండులో రిచర్డు కేర్టన్, చెర్రీ కేర్టన్ అను సోదరులు 1900 ప్రాంతమున ఎద్దుచర్మముతో బోలు ఎద్దును చేయించి, దాని కడుపులో కెమెరాతో దూరి పక్షులను చిత్రించిరి. నవ్వుకొనువారు నవ్వుకొనవచ్చును గాని, అందులో గొప్ప పరిశీలన యున్నది. మేయుచున్న పశువును జూచి పిట్ట బెదరదు. మనిషి యాకారమునకును, మనిషి కదలికకును బెదరును. కావున తెల్లవాఱకమునుపే మాటు జొచ్చి, పిట్టలు కదలిపోయినపిమ్మట వెలికి రావలెను. గుడ్డ గాలికి తపతప కొట్టుకొనరాదు. పగటివేళ జొరవలసివచ్చినచో ఇద్దఱు కలిసి వచ్చి, ఒకడు లోపల నుండగా రెండవవాడు అందఱకు గనబడునట్లు వెడలిపోవలెను. వచ్చినవారు పోయిరని తలచి పిట్టలు తఱచుగా కుదుటపడును. ఇంతకు మించిన పరికరము లేదు. మిగిలినదంతయు ఓర్పు. ఓర్పును అమ్ముట కష్టము. శిబిరముల వారికి చిక్కంతయు నిచ్చటనే.

మేము పోయిన శిబిరము పడమటి కనుమల యంచున నున్నది. ఆఱుగురు శిష్యులము, ఒక గురువు. ఆకుపచ్చని తెర వెనుక ప్లాస్టికు కుర్చీలు. ఎదుట సిమెంటు తొట్టిలో నీరు. దానిప్రక్క నాచు పట్టిన కొమ్మ యొకటి మేకులతో బిగింపబడియుండెను. ఆ కొమ్మ వెనుకభాగమున రంధ్రములు తొలిచి పురుగులను కూరిరి. మాకు కనబడు వైపున మాత్రము నాచు. పిట్ట వచ్చును, పురుగును దినును, మేము టకటక నొక్కుదుము. ముప్పాతిక గంటలో మాలో నొకరు ఎనిమిదివందల పటములు తీసిరి. గురువుగారు షట్టరు వేగమును గూర్చియు, వెనుకటి యాకులు మసకబాఱు నుపాయమును గూర్చియు చక్కగా బోధించిరి. ఆ పిట్ట యేమి తినును, ఏ ఋతువున నెచ్చట గూడు కట్టును అని ఎవరును అడుగలేదు, వారును చెప్పలేదు.

మూడవనాటి యుదయమున మేము ఆశించిన పిట్ట రాలేదు. గురువుగారు జేబునుండి చేతిఫోను దీసి దాని కూతను మ్రోగించిరి. రెండు నిమిషములలో మగపిట్ట వచ్చి వ్రాలెను. పాఠకులు గ్రహింపవలసినది, అది పిలుపు విని వచ్చిన యతిథి కాదు. తన హద్దులలో శత్రువు చొచ్చెనని మేతను విడిచి యుద్ధమునకు వచ్చిన గృహస్థు. శత్రువు కనబడడు, కూత ఆగదు. ఇరువది నిమిషములు అది ఆ కొమ్మనుండి యీ కొమ్మకు ఎగురుచు, ఱెక్కలు విప్పుచు, గొంతు చించుకొనుచునే యుండెను. మా జట్టులో తల్లితో వచ్చిన పదునొకండేండ్ల బాలిక యొకతె, “అది ఎవరిని వెదకుచున్నది?” అని మెల్లగా నడిగినది. ఎవ్వరును బదులు చెప్పలేదు. పటములు మాత్రము బాగుగా వచ్చినవి.

మన పల్లెల వేటకాండ్రు పిట్టలను పట్టుటకు మచ్చికచేసిన పిట్టను ముందుంచుకొందురు. దానిపేరు దీమము. మాటు వేటకానిది, ఎర వేటకానిది, దీమమును వేటకానిదే. వేటకాడు ఆకలికొఱకు చేసినదానిని మనము అలంకారము కొఱకు చేసి, పైపెచ్చు అతనిని క్రూరుడనుచున్నాము. ఇది మాకు సహింపరాకున్నది.

“ఎర పెట్టినంతమాత్రమున పిట్ట చచ్చునా? ఆ మాటులవలన స్థానికులకు జీవనము దొరకుచున్నది గదా” అని కొందఱందురు. రెండవ మాట నిజము, గౌరవింపదగినది. గ్రామస్థులు మార్గదర్శకులై సంపాదించుకొనుట మాకును సమ్మతమే. అయితే వారియొద్ద కొనదగినది పురుగుల డబ్బా కాదు, వారి కన్ను. కడప జిల్లా కలివికోడి 1900 తరువాత లోకమునకు కనబడక, నశించినదని తలపబడి, 1986 జనవరిలో మరల దొరకినది. దొరకుటకు తోడ్పడినది రాత్రులు ఆ పొదలలో తిరుగ నేర్చిన స్థానికుని యెఱుక. తరువాతి కాలమున పండితులు మెత్తని మన్ను పఱచి, తెల్లవాఱిన పిమ్మట దానిమీది యడుగుల ముద్రలు చదివి దాని సంచారమును కనుగొనిరి. పిట్టను కలతపెట్టక పిట్టను దెలిసికొన్న విద్య అది! అట్టి యడుగులు చదువుట ఏ శిబిరమున నేర్పుచున్నారు?

గూటి ఫోటోలను గూర్చి వేఱుగ జెప్పనక్కరలేదనుకొంటిమి గాని, చెప్పవలసియే వచ్చుచున్నది. వెలుతురు కొఱకు గూటి యెదుటి రెమ్మలు విఱిచిన వారిని మే మెఱుగుదుము. చలిదేశములలో తల్లి లేచిపోయినచో గ్రుడ్డు చల్లబడునని భయము. మన దేశమున వేసవి యెండకు ఉడుకునని భయము. ఆ పైని కాకి యొకటి చూచుచునే యుండును.

ఈ చెప్పినదంతయు దూషణమే యనువారికి మఱియొక యుదయమును జూపుదుము. నిరుడు ఏప్రిలులో నెల్లూరి వైపు ఇంకిపోవుచున్న చెఱువొకదాని యొడ్డున, పాత దుప్పటి నాలుగు కఱ్ఱలకు బిగించి, ముగ్గురము కూర్చుంటిమి. అందొకరు మా పెద్దమ్మ. తీతువు కూసినచో కీడని నమ్మి, ఆ కూత వినబడగనే చెవులు మూసికొను మనిషి. ఎరలేదు, ఫోను లేదు. రెండుగంటలు కొంగలు తప్ప నేమియు రాలేదు; మా నడుములు పట్టుకొనినవి. ఎండ యెక్కినపిదప తీతువు ఒకటి నీటికి పరుగెత్తి వచ్చి, పొట్ట యీకలు మునుగునట్లు కూర్చుండి, త్రాగక, మేయక, లేచి వెనుకకు పరుగిడెను. మఱికొంతసేపటికి మరల వచ్చెను. మూడవమాఱు పెద్దమ్మయే కనిపెట్టినది: “అది గ్రుడ్లకు తడిగుడ్డ వేయుచున్నదిరా!” నిజము అదే. బయలు నేలమీది గ్రుడ్లను తీతువు తడిసిన పొట్టతో చల్లార్చును. మేము గూడు చూడలేదు, వెదకను లేదు. ఆ కూత తన పిల్లలను కాచుకొను తల్లి కేక యని తెలిసిన పిమ్మట పెద్దమ్మ చెవులు మూసికొనుట మానినది. ఉపన్యాసములతో మేము ఇరువదియేండ్లు సాధింపలేని సంస్కారము దుప్పటి వెనుక ఒక పూటలో జరిగెను.

ఆనాడు మాకు దక్కినది ఒక్కటే పటము: బురదలో తడిసిన పొట్టతో పరుగెత్తుచున్న పిట్ట, సగము ఎండమావిలో కరగినట్లున్నది. మా పూర్వపు గురువుగారు తమ ప్రకటనపత్రికకు శిష్యుల చిత్రములు కోరగా దానినే పంపితిమి. పిట్ట కంటిలో మెఱుపు లేదనియు, కాలికి బురద యున్నదనియు వ్రాసి త్రిప్పి పంపిరి. అది యిప్పుడు మా పెద్దమ్మ గదిలో, దేవుని పటముల వరుసకు కొంచెము దిగువగా, గోడకు వ్రేలాడుచున్నది.