ఎరువు వాటాలు, రెండవ చెంబు పాలు

ఎరువుల సొమ్ము బరువుల చేటని మన పెద్దలు చెప్పిన మాట నగలను గూర్చి చెప్పినది. పెండ్లికి పొరుగింటి కాసులపేరు తెచ్చి పెట్టుకొనిన యిల్లాలు దానిని తిరిగి యిచ్చునంతవఱకు నిద్ర యెఱుగదు. కాని ఆ కాసులపేరును తెనాలి బజారున నమ్మి, బంగారము ధర తగ్గిన పిమ్మట మఱియొకటి చేయించి యిచ్చెదనని తలచిన యిల్లాలు మన కథలలో లేదు. అట్టి వ్యాపారము నేడు తెనాలి, బాపట్ల, రేపల్లెలలో చదువుకొనిన యువకుల చేతిలోని ఫోనులందు జరుగుచున్నది.

వాటాను దాని స్వంతదారుని యొద్ద ఎరువు తీసికొని, నాటి ధరకమ్మి, ధర పడిన తరువాత చవుకగా కొని తిరిగి యిచ్చి, నడిమి తేడాను మిగుల్చుకొనుటకు ఇంగ్లీషువారు షార్టు సెల్లింగని పేరిడిరి. మేము దీనిని ఎరువు అమ్మకమందుము. క్రిప్టో నాణెములలో ఆరితేరితిమని తలచువారు ఈ విద్యను ఆ నాణెముల నుండి లాభాంశములిచ్చు కంపెనీ వాటాల మీదికిని తెచ్చుచున్నారు. బిట్‌కాయినునకు లాభాంశము లేదు. దానిని ఎరువు తెచ్చి యమ్మినవాడు వడ్డీ చెల్లించి నాణెమును తిరిగి యిచ్చిన చాలును. ఆ యలవాటుతో వాటాల బజారున అడుగిడినవానికి ఒక బాకీ కనబడదు. ఆ బాకీ యెట్టిదో చెప్పవలసియున్నది.

కాసులపేరు ఈనదు, పాలియ్యదు. పాడిగేదె సంగతి వేఱు. రేపల్లె ప్రాంతమున ఒక రైతు పొరుగువాని గేదెను ఎరువు తెచ్చి, సంతలో నమ్మివేసి, ధర తగ్గునపుడు మఱియొకటి కొందమని కూర్చుండెననుకొందము. పొరుగువాడు ప్రతి యుదయమును చెంబు పట్టుకొని వచ్చి, నా గేదె పాలేవి యని యడుగును. పాలు పిదుకుకొనుచున్నవాడు సంతలో కొనినవాడు. అతడు రొక్కమిచ్చి న్యాయముగా కొనెను గావున ఆ పాలు అతనివే. ఇక ఎరువు తెచ్చినవాడు బజారున పాలు కొని పొరుగువాని చెంబు నింపవలెను. గేదె యొక్కటే, పాలకు హక్కుదారులు ఇద్దఱు. రెండవ చెంబు పాలు పొదుగునుండి రావు, ఎరువు తెచ్చినవాని మూటనుండి రావలెను. లాభాంశమిచ్చు వాటాను ఎరువు అమ్మినవాని స్థితి సరిగా నిదియే.

నూఱు రూపాయల వాటాకు ఐదు రూపాయల లాభాంశము ప్రకటింపబడెననుకొందము. ఆ లాభాంశపు హక్కు వాటానుండి వేఱుపడు దినమున, తక్కిన కారణములు లేనిచో, ధర తొంబదియైదు ప్రాంతమునకు దిగును. ఎరువు అమ్మినవాడు తెరపై ఆ యంకెను చూచి ఐదు రూపాయలు గడించితినని సంతసించును. ఆ యైదును వాటా స్వంతదారునకు చెల్లింపవలసినవే. సంతోషము మిగులును గాని సొమ్ము మిగులదు. ఎరువు రుసుమును దలాలి కూలియు పైఖర్చు.

జర్మనీలో కొందఱు ఘనులు ఈ రెండు చెంబులను ప్రభుత్వమునకే చూపిరి. లాభాంశ దినమునకు అటునిటు వాటాలను ఎరువు అమ్మకములతో చేతులు మార్చి, ఒక్కసారి కట్టిన పన్నునకు ఇద్దఱు వాపసు తీసికొనిరి. కమ్-ఎక్స్ అను పేర వాసికెక్కిన యీ మోసము నేరమేయని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము 2021లో తీర్పుచెప్పినది. దీనికి సూత్రధారియైన హాన్నో బెర్గర్ అను న్యాయవాదికి 2022 డిసెంబరులో ఎనిమిదేండ్ల శిక్ష పడినది. పన్నుల శాస్త్రమున ఆయన పండితుడే. పాండిత్యమునకు లోటులేదు.

ఈ వ్యాపారమునకు పుట్టినిల్లు అమ్‌స్టర్‌డామ్ నగరమైనను, దాని వేరొకటి మన తీరముననే కలదు. రేపల్లెకు దిగువ సముద్రతీరమున నున్న నిజాంపట్నమును ఆనాటి ఐరోపా వర్తకులు పెటపోలి యనిరి. 1602లో స్థాపితమైన డచ్చి తూర్పు ఇండియా కంపెనీ, మన పూర్వులు వలందావారని పిలిచిన కంపెనీ, 1606లో గోలకొండ యేలుబడిలోని మచిలీపట్నమునను ఈ పెటపోలిలోను కొఠీలు పెట్టెను. ఈ తీరమున చిరివేరు ఎఱుపుతో నద్దిన బట్టలను తూర్పు దీవులకు గొనిపోయి, వానికి మాఱుగా సుగంధద్రవ్యములు కొనుట ఆ కంపెనీ పద్ధతి. ఆ కంపెనీ వాటాలనే 1609లో ఐసాక్ లె మేర్ అను వర్తకుడు జట్టుకట్టి, తమ చేతలేని వాటాలను సయితము వాయిదాపై నమ్మజొచ్చెను. అతడు పరాయివాడు గాడు. మొదట ఆ కంపెనీలో పెద్ద వాటాదారుడు, అధికారులతో చెడి బయటికి వచ్చినవాడు. ధర పడుచుండ కంపెనీ అధికారులు ప్రభుత్వమునకు మొఱపెట్టుకొని, చేతలేని వాటా అమ్మరాదని 1610 ఫిబ్రవరిలో శాసనము తెప్పించిరి. ఆ యేడే లాభాంశము పంచిరి. అందు అధికభాగము నాణెముగా గాక జాపత్రిగాను మిరియములుగాను పంచిరి. పిమ్మట ధర లేచెను. జట్టులో కొందఱు దివాలా ఎత్తిరి. లె మేర్ నగరము విడిచి పల్లె చేరెను. ముప్పదియేండ్లలో పదిహేను లక్షల గిల్డర్లు పోగొట్టుకొనియు మానము మాత్రము నిలుపుకొనెనని అతని సమాధిపై చెక్కబడియున్నది. మన తీరపు నేతగానికి ఆ లాభాంశమున చిటికెడు జాపత్రియు ముట్టలేదని వేఱుగా చెప్పనక్కఱలేదు. శాసనమును మాత్ర మెవరును లక్ష్యపెట్టలేదు. ఆ శతాబ్దముననే దానిని పలుమాఱులు మరల ప్రకటింపవలసివచ్చెను.

లాభాంశమును నాణెముగా గాక మఱియొక రూపమున పంచినయెడల ఎరువు అమ్మినవాని మెడకు ఉరి యెట్లగునో నాలుగు వందల యేండ్ల పిమ్మట క్రిప్టో లోకమే చూపినది. అమెరికాలో ఓవర్‌స్టాక్ అను అంగడి కంపెనీ 2014లోనే బిట్‌కాయినును పుచ్చుకొనసాగెను. దాని యధిపతి ప్యాట్రిక్ బర్న్ ఎరువు అమ్మకపుదారులతో ఏండ్ల తరబడి పోరాడినవాడు. 2019 జూలైలో ఆ కంపెనీ, పది వాటాలకొకటి చొప్పున డిజిటల్ వాటా నొకదానిని లాభాంశముగా నిచ్చెదమని ప్రకటించెను. అది ఆ కంపెనీకే చెందిన టీజీరో అను వ్యవస్థలో దక్క అన్యత్ర చెల్లదు. మొదటి యేర్పాటున కొన్ని నెలలవఱకు స్వేచ్ఛగా అమ్మను కొనను వీలులేదు. మరల గేదె కథకు రండు. స్వంతదారుడు చెంబు పట్టుకొని వచ్చినాడు, కాని అతడడుగు పాలు ఏ బజారునను దొరకవు. ఎరువు తెచ్చినవానికి గేదెనే తిరిగి కొని యప్పగించుటకంటె గతిలేదు. అందఱును ఒక్కసారిగా కొనబోవుటచే సెప్టెంబరులో ధర ఆకాశమునకెగసెను. బర్న్ ఆగస్టులోనే పదవి వీడి, సెప్టెంబరులో తన వాటాల నన్నిటిని అమ్ముకొనెను. కంపెనీ షరతులను సడలింపగా ధర కూలెను. లాభాంశము తుదకు 2020 మేలో స్వేచ్ఛగా అమ్మదగిన రూపమున పంచబడెను. నష్టపడినవారి దావాను న్యాయస్థానము కొట్టివేసినది. ఎరువు అమ్మినవారిపై మాకు ప్రత్యేకముగా జాలిలేదు. కాని ఇందు ధర్మమేది యధర్మమేది యని విచారించుటకు ముందు, బాకీ యనునది బాకీదారుడు చెల్లింపలేని రూపమునను వచ్చిపడగలదని తెలిసికొనవలెను.

ఇంతవఱకు చెప్పినది వాటాల పుస్తకము సక్రమముగా నున్నచోటి సంగతి. క్రిప్టో లోకమున పుస్తకమే సందేహము. బిట్‌కాయినులతో వాటాలమ్మి, బిట్‌కాయినులలోనే లాభాంశములు పంచిన జీ.ఎల్.బీ.ఎస్.ఈ. యను వేదిక 2012 అక్టోబరులో హఠాత్తుగా మూతపడెను. ఎవరికి ఎవరు బాకీయో చెప్పు పుస్తకము నడిపినవాని చేతిలో నుండిపోయెను. 2022 జూన్‌లో సెల్సియస్ అను సంస్థ, వడ్డీకని నాణెములిచ్చినవారికి వాపసు లేదని తలుపులు మూసి, జూలైలో దివాలా ఎత్తెను. ఆ వడ్డీ ఖాతాలలోని నాణెములు ఒడంబడిక ప్రకారము ఇచ్చినవారివి గావు, సంస్థవేయని 2023 జనవరిలో న్యాయస్థానము తేల్చినది. స్వంతదారులమనుకొనినవారు ఋణదాతల వరుసలో నిలువవలసివచ్చెను. వాటాల ధరలననుసరించు టోకెన్లను కూడ అమ్మిన ఎఫ్.టీ.ఎక్స్. అదే 2022 నవంబరులో కూలెను. కావున ఎరువు తెచ్చినవాడొక్కడే గాదు, ఎరువిచ్చినవాడును తన గేదె యెవరి కొట్టమున నున్నదో యెఱుగడు.

2025 జూన్ చివర ఎక్స్‌స్టాక్స్ అను పేర అమెరికా కంపెనీల వాటాలకు ప్రతిగా టోకెన్లు పలు క్రిప్టో బజారులకు వచ్చినవి. ఇవి కొన్నవాడు కంపెనీ పుస్తకమున వాటాదారుడు గాడు, అతనికి వోటు లేదు. లాభాంశము రొక్కముగా రాక, ఖాతాలోని టోకెన్ల పరిమాణమును పెంచునట్లు ఏర్పాటు. అట్టి టోకెనును ఎరువు తెచ్చి యమ్మినవానిమాట యేమి? పెరుగుదల స్వంతదారునిదే యని ఒడంబడికలో నున్నయెడల, నిద్రించుచుండగనే అతని బాకీ పెరుగును. మన రైతులు నాముకు తెచ్చిన ధాన్యము కల్లమునాటికి పుట్టెడు పుట్టిన్నర యగుట యెఱుగుదురు. కాని నామునకు ధాన్యమిచ్చినవాని యిల్లు ఎదురుగనే యుండును.

మన దేశమున ఈ విషయమై సక్రమమైన మార్గము లేదని చెప్పజాలము. 2001లో బద్లా పద్ధతి రద్దయిన పిమ్మట, 2008 ఏప్రిల్‌లో సెబీ వాటాల ఎరువు విధానమును క్రొత్తగా ప్రారంభించినది. అందు ఎరువు తెచ్చినవాడు హామీధనము కట్టవలెను. లాభాంశ దినమున ఆ మొత్తమును క్లియరింగు సంస్థయే అతనియొద్ద వసూలుచేసి స్వంతదారునకు ముట్టజెప్పును. రెండవ చెంబు నింపు పూచీ సంస్థది. చేత వాటాగాని ఎరువుగాని లేకుండ అమ్మి అప్పగింపకుండుట నిషిద్ధమని 2024 జనవరిలో సెబీ మరల స్పష్టపఱచినది. లె మేర్ కాలపు శాసనమునకును దీనికిని భేద మిక్కడనే యున్నది. ఆ శాసనము వలదనెను, ఈ విధానము ఎట్లు చేయవలెనో చెప్పెను.

అట్టి మార్గముండగా మనవారు దానిని విడిచి పరదేశపు వేదికలకు పోవుటకు కారణము లేకపోలేదు. ఇచట హామీధన మెక్కువ, ఎరువు దొరకు వాటాలు తక్కువ. అచట పదింతల పందెము వేయనిత్తురు. వాటాల వాయిదా బేరములలో మనవారి యనుభవమును చూచియైన వెనుదీయవలసినది. 2021 ఏప్రిల్ నుండి 2024 మార్చి వఱకు మూడు ఆర్థిక సంవత్సరములలో ఆ బేరములాడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపడిరనియు, మొత్తము నష్టము 1 లక్ష 80 వేల కోట్ల రూపాయలకు మించెననియు సెబీయే 2024లో లెక్క చెప్పినది. ఇది పుస్తకము సరిగానున్న బజారు లెక్క. పుస్తకము లేని బజారు లెక్క తీయువా రెవరు? 2024 జూలై 18న వజీరెక్స్ వేదిక నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు దొంగిలింపబడగా, అందు ఖాతాలున్నవారు ఏడాదికి పైగా తమ సొమ్మును ముట్టలేకపోయిరి. తెనాలిలో నగలు కుదువబెట్టుకొను వర్తకుడు ఒక దినము దుకాణము తెఱవకున్న బజారంతయు గుమిగూడును. వీరెవరి గుమ్మమున గుమిగూడవలెను?

ఎరువు అమ్మకమే పాపమని మేమనజాలము. బూటకపు కంపెనీ ధరను నిలదీయువాడు బజారునకు మేలే చేయును. దుగ్గిరాల పసుపు బేరమున సరకు రాకమునుపే ధర కుదుర్చుకొనువా రందఱును జూదరులు గారు. నిషేధించుట వలన ఈ వ్యాపార మాగదనుటకు 1610 శాసనమే సాక్ష్యము. మా యాక్షేపణ వేఱు. ప్రభుత్వము 2022 ఏప్రిల్ నుండి క్రిప్టో లాభములపై నూటికి ముప్పది పన్ను విధించినది, ఒకదాని నష్టమును మఱియొకదాని లాభమున తగ్గించుకొననీయలేదు. అదే సంవత్సరము జూలై నుండి అమ్మకపు మొత్తముపై నూటికొకటి ముందే పట్టుకొనుచున్నది. 2023 మార్చిలో ఈ వేదికలను మనీలాండరింగు చట్టము క్రిందికి తెచ్చినది, ఆ డిసెంబరులో తొమ్మిది పరదేశపు వేదికలకు నోటీసులిచ్చినది. పన్నుకొఱకును దొంగసొమ్ముకొఱకును ఇన్ని కనులు తెఱచిన ప్రభుత్వము, ఎరువిచ్చిన వా డెవడు, హామీధన మెవని చేతిలో నున్నది, లాభాంశము నెవ రెవరికి ఏ దినమున చెల్లింతురు అను మూడు ప్రశ్నలకు వేదికలచే సమాధానము చెప్పింపలేదు.

వాటాల దలాలీలయొద్ద ఖాతా తెఱచువానికి హక్కులు, బాధ్యతల పత్రము దేశభాషలలో అందుబాటున నుండవలెనని సెబీ యేర్పఱచినది. క్రిప్టో వేదికల ఒడంబడికలు ఇంగ్లీషున పదుల పుటలు, అడుగున అంగీకరించితినను మీట. బాపట్ల కళాశాలలో పట్టము పుచ్చుకొనినవాడును దానిని చదువడు. చదివినను, ఎరువు తెచ్చినదానికి లాభాంశము తానే కట్టవలెనను వాక్యము ఏ పుటలో నున్నదో కనుగొనుట దుర్లభము. ఆ యొక్క వాక్యమును తెలుగున, మొదటి పుటలో, మీటకు పైన అచ్చువేయించు అధికారము ప్రభుత్వమునకు కావలెను. అందులకు చట్టము కావలెను. గుంటూరు, బాపట్ల జిల్లాల పక్షమున పార్లమెంటున కూర్చున్న సభ్యులు దానిని అడుగవలెను.