ముందు నేల గట్టిపడనివ్వండి, కేజ్ సంగతి తరవాత

ఈసారి నా వంతు వచ్చేసరికి వంటలూ, పిల్లల కాలేజీ అప్లికేషన్లూ అన్నీ మీరే రాసేశారు. నాకు మిగిలింది మా గరాజ్. నవ్వకండి, మీలో కనీసం ముగ్గురి ఇళ్ళల్లో మా పెద్దాడి లాంటి వాళ్ళున్నారని నాకు తెలుసు.

మావాడి దగ్గర 1992 మస్టాంగ్ ఉంది. వారమంతా దాంట్లోనే ఉద్యోగానికి వెళ్తాడు, చెల్లెల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి స్కూల్లో దింపుతాడు. శుక్రవారం రాత్రి అదే కారుని డ్రాగ్ స్ట్రిప్‌కి తీసుకెళ్ళి పావు మైలు, అంటే 402 మీటర్లు, పన్నెండున్నర సెకన్లలో పరిగెత్తిస్తాడు. ఇంజిన్‌కి పవర్ పెంచాడు గానీ కారు ఒళ్ళు పాతదే కదా. మొన్న ఒక పక్క జాక్ వేసి ఎత్తితే ఆ పక్క డోర్ సరిగ్గా పడలేదు. "అమ్మా, చాసిస్ స్టిఫ్ చెయ్యాలి" అన్నాడు. షాపువాళ్ళు ఏకంగా ఫుల్ రోల్ కేజ్ వేయించుకోమన్నారట. అక్కడే నాకూ వాడికీ గొడవ మొదలైంది.

గొడవ పడాలంటే విషయం తెలియాలిగా. వాడి పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని నేర్చుకున్నాను. 1979 నుంచి 1993 దాకా వచ్చిన ఈ మస్టాంగ్‌లకి ట్రక్కులకున్నట్టు కింద విడిగా ఫ్రేమ్ ఉండదు. ముందో సబ్‌ఫ్రేమ్, వెనకో సబ్‌ఫ్రేమ్, మధ్యలో పల్చటి రేకు నేల. మన ఊళ్ళల్లో నులక మంచం పట్టెలు వదులైతే ఒక కోడు పైకి లేస్తుందే, అచ్చం అలాగే. పచ్చ లైటు పడగానే వెనక టైర్లు రోడ్డుని పట్టుకుంటాయి, ఇంజిన్ బలమంతా కారుని మెలిపెడుతుంది. ఆ మెలికకి డోర్ల పైన పెయింట్ పగులుతుంది. వెనక చక్రాల చేతులు బాడీకి అతుక్కునే చోటుని టార్క్ బాక్స్ అంటారు, అక్కడ వెల్డింగ్ చుక్కలు ఊడి రేకు చిరుగుతుంది.

కాబట్టి నా మాట: మొదటి డబ్బు సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లకి పెట్టించండి. ముందూ వెనకా సబ్‌ఫ్రేమ్‌లని కలిపే రెండు ఉక్కు కడ్డీలవి. బోల్టులతో బిగించేవి కొన్నాళ్ళకి వదులైపోతాయి, వెల్డింగ్ చేసేవే మేలు. రెండో డబ్బు టార్క్ బాక్సులకి. ఇంజిన్ పైన అడ్డంగా మెరుస్తూ కనపడే స్ట్రట్ టవర్ బార్ మలుపుల్లో ఏమన్నా పనికొస్తుందేమో గానీ తిన్నగా పరిగెత్తే కారుకి పెద్దగా చేసేదేం లేదు. ఫోటోలకి బావుంటుంది, అంతే.

ఇక కేజ్. అది అన్నిటికంటే ఎక్కువ గట్టిదనం ఇస్తుంది, కాదనను. కానీ నేను పదహారేళ్ళుగా ట్రామాలో నైట్ డ్యూటీలు చేస్తున్న మనిషిని. స్ట్రిప్ మీద మావాడి తలకి హెల్మెట్ ఉంటుంది, 13.99 సెకన్లు లేదా అంతకన్నా వేగంగా పోతే అక్కడ తప్పనిసరి. సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఉంటుందా? మామూలు సీటు బెల్టుతో వెనకనుంచి ఎవరైనా గుద్దితే తల ఎటు ఊగుతుందో నాకు తెలుసు. చెవి పక్కనే ఇనప గొట్టం ఉంటే దేనికి తగులుతుందో కూడా తెలుసు. గొట్టానికి చుట్టే ప్యాడింగ్ ఎంత మంచిదైనా ఉత్త తలకి హెల్మెట్ కాలేదు. పైగా వెనక సీట్లోకి దిగే గొట్టాల మధ్య నా కూతుర్ని కూర్చోబెట్టాలా?

నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ రూల్సే వాడి ముందు పెట్టాను. ఆ కాలం కార్లకి రోల్ బార్ అడిగేది 11.49 సెకన్ల నుంచి, ఫుల్ కేజ్ 9.99 నుంచి. "నువ్వు పన్నెండున్నర దగ్గరున్నావు నాన్నా, తొమ్మిది సెకన్ల బట్టలు ఇప్పుడే ఎందుకు కుట్టించుకుంటావు?" అన్నాను. కాసేపు మూతి ముడుచుకున్నాడు. ఎప్పుడైనా దాన్ని ట్రెయిలర్ మీద తీసుకెళ్ళే రేసు కారుగా మార్చుకుని, ఆఫీసుకి వేరే కారు కొనుక్కుంటే, అప్పుడు కేజ్ వేయించుకోమని నేనే చెప్తాను.

అసలు కారే అమ్మించెయ్యక ఇదంతా ఎందుకంటారా? మావారూ అదే అన్నారు. నేను ఒప్పుకోను. స్ట్రిప్‌లో కారుని తనిఖీ చేసి గానీ వదలరు, అంబులెన్స్ అక్కడే నిలబడి ఉంటుంది. అది మాన్పిస్తే కుర్రాళ్ళు అర్ధరాత్రి ఫ్రీవే పక్క రోడ్లకి వెళ్తారు. అక్కడినుంచి మా దగ్గరికి వచ్చేవాళ్ళని చూసే చెప్తున్నాను.

మీ ఇంట్లోనూ ఈ పని జరగబోతుంటే షాపువాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: వెల్డింగ్ చేసేటప్పుడు కారు బరువు చక్రాల మీదే ఉంటుందా? మావాడి స్నేహితుడి కారుని ఎవరో రెండు స్తంభాల లిఫ్ట్‌కి వేలాడదీసి, చక్రాలు గాల్లో ఉండగా అతికించారు. వంగిన వంపు అలాగే బిగిసిపోయింది, ఇప్పుడు ఆ డోర్ తెరవాలంటే భుజంతో తొయ్యాలి. నేల కింద వెల్డింగ్ అంటే పైన కార్పెట్ అంటుకోవచ్చు కూడా, ముందే తీయించండి.

మావాడికి వచ్చే శనివారం అపాయింట్‌మెంట్. కార్పెట్ పీకుతుంటే సీటు కింద రెండేళ్ళనాటి నా స్టీలు టిఫిన్ డబ్బా దొరికింది.