కాపాడినవారి వాదము

లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియములో అక్బరు చక్రవర్తి వ్రాయించిన హంజానామా గ్రంథమునుండి విడివడిన చిత్రములు 27 గలవు. అవి మనకు రావలెనని యెవరైన నోరు తెరచినచో దొరలు, దొరలకంటె ముందుగా మనలోని కొందఱు విద్యావంతులు, ఒకే సమాధానము చెప్పుదురు. 1881లో క్లార్కు దొర శ్రీనగరమున వానిని కొనకపోయినచో ఏమై యుండెడివి? కొన్నిటిని కిటికీలకు అడ్డుగా పెట్టుకొని యుండిరి గదా! వానిని కాపాడినవారిని నిందింతురా?

కిటికీల మాట నిజమే. పెక్కు చిత్రములలో ముఖములు గీకివేయబడిన మాటయు నిజమే. దీనిని మేము దాచము. కాని కాపాడితిమను వాదమును పరీక్షింతము. మన 1872 నాటి కంట్రాక్టు చట్టము 71వ సెక్షను ప్రకారము, ఒరుల సొత్తు దొరికి దానిని తీసి యుంచుకొన్నవానికి నిక్షేపధారి బాధ్యతయే గలదు. ఖర్చు పుచ్చుకొనవచ్చును, యజమాని కానేరడు. కొన్నారు గదా యందురా? అట్లయిన రసీదు చూపుడు, ఉపకారము మాట విడువుడు. ఒకసారి క్రయదారునిగను, మఱియొకసారి ధర్మకర్తగను వాదించు ప్రతివాదిని ఏ మునసబు నమ్మును?

ఇంతకును ఆ గ్రంథ మెట్టిది? 1562 ప్రాంతమున ఆరంభమై పదునైదేండ్లు సాగిన పని. సుమారు 1,400 చిత్రములు. ఒక్కొక్కటి మూరన్నర యెత్తు. నూలుబట్టపై రంగులు, వెనుకవైపున కథ. చిత్రమును సభకు చూపుచు కథ చెప్పుట కనువైన యేర్పాటిది. మన తెలంగాణమున పటము విప్పి కులపురాణము చెప్పువారిని చూచినవారి కీ పద్ధతి క్రొత్త కాదు. పర్యవేక్షకులు మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్సమదు, ఇరానునుండి వచ్చినవారు. వారి చేతిక్రింద పనిచేసినవారిలో దస్వంతు పల్లకి మోయు బోయీ కుమారుడు. గోడలపై బొమ్మలు గీయు బాలుని అక్బరు చూచి అబ్దుస్సమదున కప్పగించెనని అబుల్ ఫజలు వ్రాసెను. ఇరాను గీతయు హిందూదేశపు రంగును కలిసి యొక క్రొత్త చిత్రకళ పుట్టినది ఆ కార్ఖానాలోనే.

నేడు మిగిలినవి రెండువందలకు లోపు. వియన్నాలో 60 గలవు. తక్కినవి చాలవరకు అమెరికాలోను ఐరోపాలోను చెదరినవి. కథ తెగిపోయినది. ఒక పుట లండనులో, దాని తరువాతి పుట మఱియొక ఖండమున! దీనిని రక్షణ యందుమా?

2002లో ఈ చిత్రములను కొన్నిటిని ఒకచోట చేర్చి ప్రదర్శించిరి. వాషింగ్టను, బ్రూక్లిను, లండను, జ్యూరిచి నగరముల వారు చూచిరి. ఆ పట్టికలో ఢిల్లీ లేదు, ఆగ్రా లేదు. మనకు విలువ తెలియదని ఎత్తిపొడుచువారు మనకు చూపకయే యీ తీర్పు చెప్పుచున్నారు!

మ్యూజియము సొత్తు నిచ్చివేయుటకు 1983 నాటి బ్రిటిషు చట్ట మడ్డమందురు. పార్లమెంటు వ్రాసినదానిని పార్లమెంటు దిద్దగలదు. అది దిద్దువరకు, ఎరువు సొమ్ముగా చిత్రములను పంపుటకు ఆ చట్ట మడ్డురాదు. మన సొమ్మును మనమే ఎరువు తెచ్చుకొనుట సిగ్గుచేటని కొందఱు మిత్రులు కోపింపవచ్చును. కోపింపనిండు. హక్కు వ్యాజ్యము ఎన్నేండ్లయిన సాగనిండు. ముందుగా లండను, వియన్నా చిత్రములను ఢిల్లీలో ఒక్క కప్పుక్రింద వరుసగా నిలుపుడని మన ప్రభుత్వము ఆ రెండు మ్యూజియములను బహిరంగముగా అడుగవలెను. కాదన్నచో కారణమును వ్రాతపూర్వకముగా కోరి, ఆ జాబును పత్రికలలో ప్రకటింపవలెను.