అద్దె విల్లుతో ఎన్నాళ్లు?

పోయిన ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం మేము నారపల్లిలోనే జరుపుకున్నాం. ఉప్పల్, మేడిపల్లి, నారపల్లి, ఘట్‌కేసర్ వైపు అద్దె ఇళ్లలో ఉంటున్న కోయ, గోండు, కొండరెడ్డి కుటుంబాలు పాతిక దాకా వచ్చాయి. ఒకాయన సెక్యూరిటీ గార్డు, ఒకామె నర్సు, ఒకాయన కండక్టరు, ముగ్గురం టీచర్లం. డోలు ఉంది. కొమ్ము బూర ఒకటి ఊరి నుంచి తెచ్చారు. విల్లు మాత్రం లేదు. "విల్లు లేకుండా ఫొటో ఎట్ల దిగుతం సార్?" అన్నారు తమ్ముళ్లు. వేషాల బట్టలు అద్దెకిచ్చే షాపు నుంచి ఒకటి పట్టుకొచ్చారు. ప్లాస్టిక్ పైపు, దాని మీద బంగారు రంగు కాగితం, నైలాన్ తాడు. రాముడి వేషానికి ఇచ్చే విల్లు అది. దాన్ని పట్టుకుని ముందు వరుసలో నిలబడ్డది నేనే.

ఫొటో అయ్యాక ఆరో తరగతి చదివే పిల్ల ఒకతి నా దగ్గరకు వచ్చింది. "సార్, ఇది మీరు చేసిందా?" అని అడిగింది. కాదన్నాను. "మీకు చేయొస్తదా?" అంది. రాదన్నాను. "మరి ఇక్కడ ఎవరికి వస్తది?" అంది. చుట్టూ చూశాను. పాతిక కుటుంబాల్లో ఒక్కరికీ రాదు.

విల్లు మన గుర్తు అని మనమే చెప్పుకుంటాం. సంఘం బ్యానర్ మీద విల్లు, క్యాలెండర్ మీద విల్లు, పెళ్లి పత్రిక మీద విల్లు, ఫోన్‌లో స్టేటస్‌గా విల్లు. బొమ్మలు పెరుగుతున్న కొద్దీ చేసే చేతులు తగ్గిపోతున్నాయి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. విల్లు చేసే విద్యను మన పిల్లల చదువులో పాఠంగా పెట్టాలి. ఏడాదికోసారి చేసే ప్రదర్శనగా కాదు, చేత్తో నేర్చుకునే పాఠంగా. దీనికి అడ్డం ఎవరని వెతికితే ప్రభుత్వం కంటే ముందు మనమే కనబడతాం. చదువుకున్న ఆదివాసీలం, అందులోనూ టీచర్లం.

ఈ మాట ఊరికే అనడం లేదు. నా తప్పు చెప్పుకుని అంటున్నాను.

నాది ములుగు జిల్లా ఏజెన్సీ. డీఎడ్ చేసి ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్తున్నాను. పద్నాలుగేళ్ల కిందట ఏజెన్సీలో ఒక బడిలో పనిచేసేటప్పుడు నాలుగో తరగతి పిల్లవాడు ఒకడు చిన్న విల్లు తెచ్చాడు. రెండు మూరలుంటుందేమో. వాళ్ల తాత చేసిచ్చాడట. ఆ రోజు బడికి తనిఖీ ఉంది. "బడికి పుస్తకాలు తేవాలె, ఇవి కాదు" అని గుంజుకుని, మోకాలికి ఆనించి విరిచాను. వాడు ఏడ్వలేదు. రెండు ముక్కలూ ఏరుకుని సంచిలో పెట్టుకున్నాడు.

ఆ తాత కిందటేడు చనిపోయాడు. ఆ చుట్టుపక్కల విల్లు చేయడంలో ఆయన పేరే చెప్పేవాళ్లు. ఆ పిల్లవాడు ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఒక గోదాంలో పనిచేస్తున్నాడు. ఫోన్ చేసి, తాత దగ్గర పని నేర్చుకున్నావా అని అడిగాను. "తాత నేర్పుతా అన్నడు సార్. నేనే నేర్చుకోలే" అన్నాడు. విరిచిన సంగతి వాడు ఎత్తలేదు. ఎందుకు నేర్చుకోలేదో నేను అడగలేదు. నాకు తెలుసు.

ఈ వేసవి సెలవుల్లో ఊరికి పోయి మా మేనమామ దగ్గర పద్దెనిమిది రోజులు కూర్చున్నాను. డెబ్బై దాటిన మనిషి. బడి మెట్లు ఎక్కలేదు. పొలం గట్టు మీద గాలివానకు విరిగిన తడ కొమ్మను ఆయన చలికాలంలోనే చీల్చి అటక మీద పెట్టాడు. తడ చెట్టును కొన్ని చోట్ల చరాచి అంటారు, జాన అంటారు. వంగి మళ్లీ లేచే గుణం ఉన్న కర్ర. ఎండలో పెడితే పగులుతుంది. కింద పొయ్యి పొగ తగులుతూ, నీడలో నిదానంగా ఆరాలి.

మొదటి రోజే నేను రంపం తీశాను. మామ నా చేయి పట్టుకున్నాడు. రంపం గీత గీసినట్టు తిన్నగా పోతుంది, కర్రలోని నార ఎటు పోతుందో దానికి పట్టదు. నార తెగిన చోట విల్లు విరుగుతుంది. గొడ్డలి పెట్టి, మేకు కొట్టి చీలిస్తే కర్ర తన నార దారిలోనే చీలుతుంది. అందుకే ముందు చీల్చాలి, తర్వాత కత్తితో చెక్కాలి, ఆఖరికి గాజు పెంకుతో గీకాలి. ముడి ఉన్న చోట చుట్టూ కాస్త కర్ర వదిలెయ్యాలి. చేతి పట్టు దగ్గర మందంగా ఉండాలి, కొసలకు పోయేకొద్దీ సన్నబడాలి.

ఐదో రోజు నా విల్లు విరిగింది. ముడి పక్కన నున్నగా కనబడాలని ఎక్కువ గీకాను. వంచితే వంపంతా ఆ ఒక్క చోటే పడింది. మామ తిట్టలేదు. "అల్లుడా, నువ్వు కర్రతోని కొట్లాడుతున్నవ్. మెల్లగ వంచి చూడు. యాడ వంగుతలేదో ఆడనే గీకు. వంగేకాడ చెయ్యి పెట్టకు" అన్నాడు. రెండో దానికి నేను మట్టి గోడ మీద బొగ్గుతో అడ్డగీతలు గీశాను. విల్లును గోడకు ఆనించి, తాడు కట్టి జానెడు లాగి, రెండు కొసలూ ఒకే గీత దగ్గరకు వస్తున్నాయా అని చూడటం. కిందికి రానిది బిగిసిన వైపు. అక్కడ నాలుగు గీకులు, మళ్లీ లాగడం, మళ్లీ చూడటం. మూడు రోజులు ఇదే పని. మామ గోడ వైపు చూసి నవ్వాడు. ఆయనకు గీతలు అక్కర్లేదు, కన్ను చాలు. కానీ ఆ గీతలు పిల్లలకు నేర్పడానికి పనికొస్తాయని ఒప్పుకున్నాడు.

నారి కోసం ముదురు వెదురు పైచెక్క నుంచి సన్న బద్ద తీశాం. వెదురులో గట్టి నార అంతా పైపొర దగ్గరే దట్టంగా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ పలచబడుతుంది. వానలు వెళ్లాక, అదీ అమావాస్య వైపు వెదురు కొట్టాలని పెద్దలు అంటారు. వానలు వెళ్లిన కొత్తలో వెదురులో పిండిపదార్థం తక్కువగా ఉంటుంది, పుచ్చు పురుగుకు తిండి దొరకదు. పెద్దల మాటలో ఇంత శాస్త్రం ఉంటే, పిల్లలకు దాన్ని మూఢనమ్మకమని చెప్పినవాళ్లం మనమే.

ఇప్పుడు పాఠ్యపుస్తకం సంగతి. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి సైన్సులో పని, శక్తి గురించిన పాఠం చాలా ఏళ్లు నడిచింది. అందులో ఒక కృత్యం ఉంది. వెదురు పుల్లతో విల్లు చేసి, బాణం పెట్టి, నారి లాగి వదలండి, వంగిన విల్లులో దాగిన శక్తి బాణానికి ఎట్లా పోతుందో చూడండి అని. ఢిల్లీలో కూర్చున్నవాళ్లు పిల్లలను విల్లు చేయమన్నారు. మనం ఏం చేశాం? ఆ కృత్యం దాటేసి, కింది ప్రశ్నకు జవాబు బోర్డు మీద రాసి ఎక్కించుకోమన్నాం. విల్లు బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుంటుంది. మందం కొంచెం తగ్గితే బలం చాలా తగ్గుతుంది. ఇదంతా నా చేతిలో విల్లు విరిగినప్పుడే నాకు అర్థమైంది. డీఎడ్‌లో చేయడం ద్వారా నేర్చుకోవడం గురించి పది మార్కుల జవాబు రాసి పాసైనవాణ్ని నేను.

ఇక ఎదురు వచ్చే మాటలు. నారపల్లిలో, ఊళ్లో, స్టాఫ్ రూముల్లో నేను విన్నవే చెప్తాను.

"వేట నేరం కదా సార్, కేసులవుతాయి" అంటారు. నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం విల్లంబులను కూడా ఆయుధాల్లోనే లెక్కపెట్టింది. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వాటితో పోకూడదు. ఆ గీత దాటమని నేను ఏ పిల్లవాడికీ చెప్పను. కానీ చేయడం వేట కాదు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ చదవండి. వేటను హక్కుగా ఇవ్వలేదు. అదే సెక్షన్ చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది, అందులో వెదురు ఉంది. జీవవైవిధ్యానికీ సంస్కృతికీ సంబంధించిన మన సంప్రదాయ జ్ఞానం మీద సమష్టి హక్కు కూడా ఇచ్చింది. పోడు పట్టాల కోసం ఈ చట్టం పేరు వెయ్యిసార్లు ఎత్తాం. జ్ఞానం మీద హక్కు గురించి ఒక్క గ్రామసభలోనైనా తీర్మానం రాశామా?

"మమ్మల్ని మళ్లీ అడవికే పొమ్మంటారా? పిల్లలు కంప్యూటర్ నేర్చుకునే కాలంలో విల్లేంది?" అంటారు కొందరు తమ్ముళ్లు. దక్షిణ కొరియాను చూడండి. 1971లోనే విల్లు, బాణాలు చేసే పనితనాన్ని జాతీయ వారసత్వంగా గుర్తించింది. ఆ విద్య చేతిలో ఉన్నవాళ్లకు భత్యమిచ్చి, శిష్యులకు నేర్పిస్తోంది. వెనకబడిన దేశమా అది? 2024 పారిస్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో ఉన్న ఐదు బంగారు పతకాలూ ఆ దేశానివే. మన దేశంలో లింబారామ్ ఉన్నాడు. రాజస్థాన్ ఆదివాసీ బిడ్డ, వెదురు విల్లు పట్టి పెరిగినవాడు. 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో ఆడాడు, 1991లో అర్జున అవార్డు, 2012లో పద్మశ్రీ అందుకున్నాడు. ఇవాళ పోటీలకు వాడే విల్లు లక్షల్లో ఉంటుంది, మన పిల్లవాడికి అది అందదు. చేత్తో చేసిన విల్లు అందుతుంది. ఇది పట్టినవాడు రేపు అది పట్టలేడా?

"ఆడపిల్లలకు విల్లెందుకు?" ఈ మాట మా మామే అన్నాడు. నాకు ప్రశ్న అడిగింది ఆడపిల్లే అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "తోలుకరా, చూద్దాం" అన్నాడు. మన పెద్దల దగ్గర నేర్చుకోవాలంటే వాళ్ల ప్రతి మాటకూ తలూపాలని లేదు. అడిగితే మారే మనుషులే వాళ్లు.

ఏకలవ్యుడి పేరు మీద కేంద్రం 1997–98 నుంచి మనకు గురుకులాలు పెట్టింది. బొటనవేలు పోగొట్టుకున్నవాడి పేరు బోర్డు మీద ఉంది. ఆటల పోటీల్లో విలువిద్య ఉంది, మంచిదే. కానీ నాకు తెలిసిన ఏ బడిలోనూ విల్లు చేయడం నేర్పే పెద్దమనిషికి ఒక పీరియడ్ లేదు. విల్లు పట్టిన అల్లూరి విగ్రహాలకు దండలు వేస్తాం. 1922 నుంచి 1924 దాకా ఆ పోరాటం నడిచింది గాం గంటందొర, గాం మల్లుదొర వంటి మన్యం బిడ్డలతో. ఆ విల్లులు చెక్కిన చేతుల పేర్లు ఎవరూ రాసుకోలేదు. మనమూ ఇప్పుడు రాసుకోవడం లేదు.

తోటి టీచర్లకు ఒక గట్టి మాట. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది. మనమంతా రోడ్డెక్కాం. నేనూ ఎక్కాను, మళ్లీ ఎక్కుతాను. మన పిల్లలకు మన టీచరే ఎందుకు కావాలని అడిగితే ఏం చెప్పాం? మన భాష తెలుసు, మన బతుకు తెలుసు అన్నాం. మరి తరగతిలో ఆ భాష మాట్లాడుతున్నామా? ఆ బతుకులోని పని ఒక్కటైనా నేర్పుతున్నామా? లేకపోతే కోర్టు ముందు మన వాదనను మనమే పలచన చేసుకుంటున్నాం. గోండీలో, కొలామీలో విల్లును "విల్" అంటారు. తెలుగులో విల్లు, తమిళంలో విల్. ఇన్ని భాషలకు ఉమ్మడి మాట అది. ఈ ఒక్క మాట పట్టుకుని ఒక పీరియడ్ భాష పాఠం చెప్పొచ్చు.

ఏం చేయాలంటారా? కొత్త పథకం కోసం ఆగక్కర్లేదు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలను పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గరకు పంపమంది. వడ్రంగి, కుమ్మరి, తోటమాలి అని రాసింది. మన ఊళ్లో ఆ పనివాడు విల్లు చేసే తాత. ఆయన్ని పిలవండి. పిలిచి శాలువా కప్పి పంపొద్దు, పది రోజుల కూలి లెక్కగట్టి ఇవ్వండి. బడి నిధుల్లో వీలు కాకపోతే టీచర్లం చందా వేసుకుందాం. గ్రామసభలో తీర్మానం చేసి హక్కుగా వెదురు తెచ్చుకోండి. బడి ఆవరణలో ఒక వెదురు పొద నాటండి. బాణాలకు ఇనుప మొన వద్దు, మొద్దు మొన చాలు. గడ్డిమోపు ముందు పెట్టి, పిల్లలందరినీ వెనక నిలబెట్టి, ఒక్కొక్కరితో వేయించండి.

పట్నంలో ఉన్నవాళ్లం మేమూ ఊరుకోలేదు. నారపల్లిలో అడవి ఉంది, కానీ అది కంచె వేసి టికెట్ పెట్టిన నందనవనం. అందులో కొమ్మ తుంచే పని లేదు. అందుకే వెదురు సామాను అమ్మే మేదరి వాళ్ల దగ్గరకు పోయాం. విషయం చెప్తే, ముదురు వెదురు ఏదో, లేతది ఏదో పిల్లలకు తట్టి చూపించింది ఆ పెద్దమ్మ. ఆదివారం పూట మా మిద్దె మీద ఏడుగురు పిల్లలు కూర్చుంటున్నారు. మామను నెల రోజులు తోలుకొచ్చాం, దారి ఖర్చులు, కూలి అందరం వేసుకున్నాం. ఇప్పటికి నాలుగు విల్లులు విరిగాయి, మూడు నిలబడ్డాయి. ఆ ఆరో తరగతి పిల్లది రెండోసారికి నిలబడింది. ఒక వైపు కాస్త వంకరగా ఉంది.

గోదాంలో పనిచేసే ఆ అబ్బాయికి కూడా కబురు పెట్టాను. రెండు ఆదివారాలు రాలేదు. మూడో ఆదివారం వచ్చి వెనక కూర్చున్నాడు. వాడికి నేను క్షమాపణ చెప్పుకున్నాను, పిల్లల ముందే.

ఈ ఆగస్టు 9న మా ఫొటోలో అద్దె విల్లు ఉండదు. మీ ఊళ్లో, మీ బడిలో, మీ సంఘంలో ఎవరి చేతి విల్లు ఉంటుంది? చేసే తాత ఇంకా ఉంటే ఈ నెలలోనే పోయి ఆయన ముందు కూర్చోండి. వచ్చే ఏడు చూద్దామని నేనూ అనుకున్నాను. ఆ లోపల ఒక తాత పోయాడు.