చూడని వేటు

వేట యనగానే విల్లో, తుపాకియో తలపునకు వచ్చుట సహజము. కాని అడవి నెరిగినవారికి వేటలో ముప్పాతికపాలు యోచనయే; ఆయుధమునకు పని కలుగునది తుదిక్షణముననే.

కరీంనగరమునుండి ఉత్తరముగా గోదావరి దాటినచో ఆదిలాబాదు కొండలు. ఆ అడవులలో కొండగొర్రె కలదు. పేరు గొర్రెయే గాని అది గొర్రెయు గాదు, మేకయు గాదు. ఇంచుమించు 20 కిలోల బరువుగల సన్నకాళ్ల మృగము. మగదానికి చెవులనడుమ రెండు కొమ్ములు, నుదుట మరి రెండు పొట్టికొమ్ములు. అది మంద కట్టదు. ఒంటిగానో జంటగానో గడ్డిలో నణగియుండును. తరచుగా నీరు త్రాగవలసినది గనుక నీటిపట్టును విడిచి దూరము పోదు. పెంటికలు మరల మరల ఒక్కచోటనే వేయును.

దీనిని వేటాడదలచిన పూర్వపు వేటగాడు ఎంత తెలిసియుండవలెనో యోచింపుడు. ఎండకాలమున ఏ చెలమ యింకదు? గాలి యేవైపునుండి వీచుచున్నది? ఈ గిట్టజాడ నేటిదా, నిన్నటిదా? చూలుతో నున్న దేది? ఇవన్నియు తేలినపిదపనే మాటు. మన కవులును ఈ సంగతి నెరుగనివారు కారు. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నని వేటను, పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటను విస్తరించి వర్ణించిరి. ఆ పద్యములు మృగముల పేర్లకును, వేట పరికరములకును నిఘంటువులవంటివి.

వేటను పెద్దలు నిర్దోషమని తలపలేదు. మనువు దానిని కామజవ్యసనములలో మొదట చేర్చెను. కౌటిల్యుడు వ్యసనమనుచునే, వ్యాయామమును, కదలు గురిని కొట్టు నేర్పును అందు గలవనెను. ఇక దశరథుని కథ. అతడు చీకటిలో శబ్దము విని బాణము విడిచెను, ఏనుగనుకొన్నది మునికుమారుడయ్యెను. అతని దోషము వేటాడుట మాత్రమే కాదు, చూడక కొట్టుట.

నేడు తెలంగాణపు అడవి అంచులలో జరుగుచున్నది సరిగా ఇదియే. పందికో దుప్పికో యని తీగ పరచి, దానికి కరెంటు తగిలించి ఇంటికిపోయి నిద్రించుచున్నారు. ఆ తీగకు కండ్లు లేవు. పులి తగిలినను, చూలుమృగము తగిలినను, చేనికి పోవు రైతు తగిలినను దానికి ఒక్కటే. పూర్వులు వలలు, ఉరులు పన్నలేదా యని ఎవరైన నడుగవచ్చును. పన్నిరి, అవియు క్రూరములే. కాని వలచెంత మనిషి నిలిచియుండెను. వలదనుకొన్న దానిని విడుచుటకు వీలుండెను. తీగ ఆ వీలును గూడ చంపినది.

కవ్వాల అడవి 1965లో అభయారణ్యమయ్యెను. 2012లో పులుల రక్షితప్రదేశమయ్యెను. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము కొండగొర్రెను మొదటి షెడ్యూలున చేర్చినది. వేట ఆగుట న్యాయమే. అయితే వేటతోపాటు వేటగాని ఎరుకయు మాసిపోవుట న్యాయము కాదు. జాడ చూచి మృగమును చెప్పగల గోండు, కొలాము వృద్ధుల విద్య చంపుటకు పనికివచ్చినట్లే కాచుటకును పనికివచ్చును. మృగములను లెక్కించుటకు, ఉచ్చులను వెదకి తీయుటకు కావలసినది ఆ కన్నే. అడవినుండి వారిని దూరము చేసి అడవిని కాపాడుదుమనుట, కండ్లు మూసికొని కావలి కాయుటవంటిది.

వేటపద్యములు పిల్లలకు హింస నేర్పునని భయపడువారు కలరు. ఆ భయము వలదు. పద్యములోని మృగమేదో, దాని నీరేదో, దాని జాడ ఎట్లుండునో ఉపాధ్యాయుడు చెప్పినచో, విద్యార్థి దానిని చంపదలచుటకు ముందు చూడ నేర్చును. చూడ నేర్చినవాడు తీగ పరచుటకు జంకును. వేట పోయినను ఆ చూపు నిలువవలెను.