సంపాదకుని మాట: చూపు చెడకముందే

సికిల్‌సెల్‌ వ్యాధి యనగానే తెనాలి, బాపట్ల, రేపల్లె పాఠకులకు పాడేరు, అరకు మన్యము స్ఫురించుట సహజమే. కాని చదువులకును కొలువులకును అచ్చటినుండి వచ్చి మన సీమలో నిలుచువారుండగా, మన కంటివైద్యశాలలు దీనిని ఎఱిగియుండవలదా?

హీమోగ్లోబిన్‌ వికృతిచే, ప్రాణవాయువు కొఱవడినపుడు ఎఱ్ఱకణములు కొడవలి వంపు తిరిగి కంటి వెనుకపొరయగు రెటీనా అంచులలోని సూక్ష్మనాళములను మూసివేయగా, ఆ లోటు పూరింపనెంచి మొలకెత్తు కొత్తనాళములు మిక్కిలి బలహీనములై, ఒకనాడు చిట్లి కంటిలోపల రక్తము నింపును. అంతవఱకు చూపు చక్కగనే యుండవచ్చును. ఇదియే దీని మోసము. ఈ క్రమమును 1971లో గోల్డ్‌బర్గ్‌ అను కంటివైద్యుడు 5 దశలుగా విభజించెను. విచిత్రమేమనగా, ఈ వ్యాధి రకములలో ఒడలిని అధికముగా బాధించు ఎస్‌ఎస్‌ రకముకంటె, మన దేశమున అరుదైన ఎస్‌సి రకమే కన్నులకెక్కువ కీడు చేయును. అట్లని ఎస్‌ఎస్‌ రోగులు నిశ్చింతులై యుండరాదు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ఆరంభమైన జాతీయ సికిల్‌సెల్‌ నిర్మూలన కార్యక్రమము 40 ఏండ్ల లోపువారి రక్తపరీక్షను సంకల్పించినది. వ్యాధి తేలిన బిడ్డకు 10 ఏండ్ల ప్రాయమునుండి, చుక్కలమందుతో కనుపాపను విప్పార్చి రెటీనా అంచులదాక చూడు పరీక్ష క్రమముగా జరుగవలెను. కొత్తనాళములు ముందుగా కనబడినచో లేజరు చికిత్సకు వీలుండును. కళ్లద్దాల దుకాణములో చదివించు అక్షరముల పట్టిక ఇందులకు చాలదు.